కుందేళ్ళ జత కుదర్చడం ఎట్లా? సఖ్యత నిలపడం ఎట్లా?

పాల సంఘాల పత్రికలో కుందేళ్ళ ప్రస్తావన ఏమిటని సభ్య సోదరులు, సోదరీమణులు అనుకోవచ్చు. కారణం ఉన్నది. మేము సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాల సేకరణ కేంద్రంలో లెక్కలు, వెన్న శాతం రిజిస్టరు చూసిన తరువాత ఒకరిద్దరు సభ్యుల ఇళ్ళకు పోయి కొట్టాలు చూసి రావడం అలవాటు. అట్లా వెళ్ళిన చోట్ల గేదెల కొట్టం పక్కనే కుందేళ్ళ గూడు కనిపించడం ఇప్పుడు వింత కాదు. పిల్లలు ముచ్చటపడితే సంతలోనో పట్నంలోనో కొని తెస్తున్నారు. పచ్చిమేత ఇంట్లో ఉండనే ఉన్నది, ఖర్చు లేదు అనుకుంటున్నారు. కొన్నాళ్ళకు అవి ఒకదానినొకటి చీల్చుకుంటాయి. లేదా రెండు ఉన్నవి ఇరవై అవుతాయి. అప్పుడు ఆ ఇంటి ఇల్లాలు మమ్మల్ని అడుగుతుంది: “ఏమండీ ఇన్స్పెక్టరు గారూ, సంఘంలో తగవులు తీరుస్తారు కదా, ఈ చిన్న జీవాల తగవు తీర్చలేరా?” అని.

ఈ ప్రశ్న మూడు నాలుగు ఊళ్ళలో ఎదురైన మీదట, తెలిసిన సంగతులు ఒకచోట వ్రాసి పెట్టడం మంచిదని తోచింది.

మా ఇంట జరిగిన పొరపాటు

ముందుగా మా తప్పు చెప్పుకుంటాము. చాలా సంవత్సరాల క్రితం మా ఇంట్లో ఏడాది వయసున్న తెల్ల ఆడకుందేలు ఒకటి ఉండేది. ఒంటరిగా ఉన్నదని మా అమ్మాయి బాధపడితే సంత నుండి మరొకటి తెచ్చాము. అది కూడా ఆడదేనని అమ్మినవాడు చెప్పాడు. కొత్త కోడిపెట్టను చీకటి పడిన తరువాత పాత కోళ్ళ గూట్లో వదిలితే తెల్లవారేసరికి కలిసిపోతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. కుందేలుకూ అదే పద్ధతి అనుకొని రాత్రి ఎనిమిది గంటలకు కొత్తదానిని పాతదాని పెట్టెలో పెట్టి తలుపు వేశాము.

తెల్లవారి చూస్తే పెట్టె అంతా వెంట్రుకలు. కొత్తది మూలకు నక్కి ఉన్నది. చెవి చిరిగింది, కడుపు కింద గాట్లు పడ్డాయి. పసుపు అద్దాము, పాలు పట్టబోయాము. అది మేత ముట్టలేదు. మూడవనాడు చచ్చిపోయింది. తరువాత చూస్తే అది ఆడది కాదు, ఇంకా ఎదగని మగది. సహకార శిక్షణలో మాకు డిప్లొమా ఉన్నది గాని, పరాయి ఇంటిలోకి వచ్చిన జీవాన్ని ఆ ఇంటి జీవం ఎట్లా చూస్తుందో మాకు తెలియలేదు. కొత్త గేదెను పాత గేదెల పక్కన కట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడతామో అందులో పదవ వంతు పడి ఉంటే ఆ ప్రాణం దక్కేది.

కుందేలు స్వభావం

మనం ఇళ్ళలో పెంచే కుందేలు, మన పొలాల్లో కనిపించే చెవులపిల్లి ఒకటి కావు. చెవులపిల్లి ఈ దేశపు అడవి జాతి. బొరియ తవ్వదు, పొదల చాటున ఒంటరిగా పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటి నిండా వెంట్రుకలతో, కళ్ళు తెరుచుకొని పుడతాయి. పెంపుడు కుందేలుతో దానికి జత కుదరదు. పైగా అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, పట్టి తెచ్చి పెంచడం నేరం. పొలంలో దొరికిన పిల్లను ఇంటికి తేవద్దని పిల్లలకు చెప్పాలి.

పెంపుడు కుందేలు యూరపు ఖండంలో స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు బొరియ కుందేలు సంతతి. అది నేలలో బొరియలు తవ్వి గుంపుగా బ్రతుకుతుంది. పిల్లలు ఒంటిమీద వెంట్రుక లేకుండా, కళ్ళు మూసుకొని పుడతాయి. పది పన్నెండు రోజులకు కళ్ళు తెరుస్తాయి. ఇది గుంపు జీవం కనుక ఒంటరిగా ఉంచితే దిగులు పడుతుంది, మందకొడిగా అవుతుంది, బోను కమ్మీలు కొరుకుతుంది. అందుచేత జతగా పెంచడమే మంచిది.

అయితే గుంపు జీవమైనంత మాత్రాన ఎవరినైనా గుంపులో చేర్చుకుంటుందని కాదు. 1859లో ఇంగ్లండు నుండి తెచ్చి వదిలిన కుందేళ్ళు ఆస్ట్రేలియా అంతటా ప్రబలి పంటలను నాశనం చేసినందువల్ల, అక్కడి శాస్త్రజ్ఞులు వాటి బ్రతుకును శ్రద్ధగా పరిశీలించారు. వారిలో మైకిటోవిచ్ అనే ఆయన 1950, 1960 దశకాలలో చేసిన పరిశీలనలు ముఖ్యమైనవి. కుందేలు గడ్డం కింద ఒక గ్రంథి ఉన్నది. దాని వాసనను రాళ్ళకూ కొయ్యలకూ రుద్ది, ఇది మా గుంపు హద్దు అని గుర్తు పెడుతుంది. గుంపులో మగవాటికి వేరుగా, ఆడవాటికి వేరుగా పెద్దా చిన్నా వరుస ఉంటుంది. వేల్స్ దేశస్థుడు లాక్లీ కూడా అడవి కుందేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 1964లో ఒక పుస్తకం ప్రచురించాడు. వీరు చెప్పినదాని సారాంశం మన పాడి రైతుకు కొత్త కాదు. మన కొట్టంలోనూ కుడితి తొట్టి దగ్గరకు ముందు వెళ్ళే గేదె ఒకటి ఉంటుంది. కొత్త గేదె వచ్చిన నాలుగు రోజులు కొమ్ములాట జరుగుతుంది, పాలు తగ్గుతాయి, ఆ తరువాత వరుస కుదురుతుంది.

తేడా ఒక్కటే. గేదెలకు పలుపు ఉన్నది, ఒకదానికొకటి దూరంగా కడతాము. ఓడిపోయిన అడవి కుందేలు బొరియ వదిలి పారిపోగలదు. మన పెట్టెలోని కుందేలుకు పలుపూ లేదు, పారిపోయే దారీ లేదు. కాబట్టి పోట్లాట మొదలైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఏ జత కుదురుతుంది?

అన్నిటికంటె తేలికగా కుదిరేది ఒక ఆడ, ఒక మగ. కాని మగదానికి విత్తులు తీయించాలి. వీలైతే ఆడదానికీ ఆపరేషను చేయించాలి. రెండు ఆడవి ఒక ఈత పిల్లలైతే కొంతకాలం బాగానే ఉంటాయి. ఎదిగిన తరువాత చోటు కోసం పోట్లాడవచ్చు. విత్తులున్న రెండు మగవాటిని ఒకచోట ఉంచకూడదు. అవి ఒకదాని విత్తులు మరొకటి కొరుకుతాయి. ఒకే తల్లి పిల్లలైనా, నిన్నటిదాకా ఒకే తట్టలో పడుకున్నవైనా, నాలుగవ నెల వచ్చేసరికి అన్నదమ్ముల వరస మరచిపోతాయి.

ఆడా మగా గుర్తించడంలో అమ్మేవారి మాట నమ్మవద్దు. మూడు నెలలు దాటిన మగదానికి తొడల మధ్య ఇరుపక్కలా వెంట్రుక లేని పొడుగాటి రెండు సంచులు కనిపిస్తాయి. కాని కుందేలు భయపడినప్పుడు విత్తులను కడుపులోకి లాక్కోగలదు. అందువల్ల చాలామంది మోసపోతారు. మూత్రద్వారం దగ్గర రెండు వేళ్ళతో మెల్లగా అదిమితే మగదానికి గుండ్రని గొట్టంవలె పైకి వస్తుంది, ఆడదానికి చీలికవలె ఉంటుంది. చిన్నపిల్లలలో ఇది తెలిసినవారికి కూడా కష్టమే. పశువైద్యుని చేత చూపించుకోవాలి.

ఆపరేషను చేయించకుండా ఆడా మగా కలిపితే ఏమవుతుందో లెక్క చూడండి. కుందేలు చూడి కాలం దాదాపు 31 రోజులు. గేదెవలె దీనికి ఎద కాలం కోసం ఎదురుచూడనక్కరలేదు, మగది దాటిన తరువాతే అండం విడుదల అవుతుంది. ఈనిన రోజునే మళ్ళీ చూడి కట్టగలదు. ఈతకు ఆరేసి పిల్లలు అనుకున్నా, నాలుగు నెలలలో ఇల్లు నిండిపోతుంది. అప్పటికి మొదటి ఈత పిల్లలు ఎదకు వస్తాయి. పిల్లలు ముచ్చటపడి తెచ్చిన జంతువు చివరకు ఎవరికి పడితే వారికి ఇచ్చివేయవలసిన బరువు అవుతుంది.

మగదానికి ఆపరేషను నాలుగు నెలల వయసు తరువాత చేయించవచ్చు. ఇక్కడ మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి: కోడెదూడకు విత్తు నొక్కే పరికరంతో కుందేలుకు చేయకూడదు, మత్తు ఇచ్చి కోసి తీయవలసిందే. కుందేలుకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న వైద్యుని వద్దకే వెళ్ళాలి. పశువైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులో ఉన్నవారికి అది మంచి మార్గం. రెండు: ఇతర జంతువులకు మాదిరి ముందురోజు నుండి పస్తు పెట్టకూడదు. కుందేలు వాంతి చేసుకోలేదు కనుక ఆ భయం లేదు. పస్తు ఉంటేనే దాని పేగుల కదలిక ఆగి ప్రమాదం. మూడు: ఆపరేషను అయిన వెంటనే ఆడదానితో కలపకూడదు. లోపల మిగిలిన బీజం వల్ల ఆరు వారాల వరకు చూడి కట్టించగలదు. ఆరు వారాలు గడువు పెట్టుకోవాలి.

ఆడదానికి ఆపరేషను పెద్దది, ఖర్చూ ఎక్కువే. అయినా అది చేయించినదానికి గర్భసంచి కాన్సరు భయం తప్పుతుంది. వయసు పైబడిన ఆడకుందేళ్ళలో ఈ జబ్బు సాధారణం. కోపస్వభావం కూడా తగ్గుతుంది.

కలపడానికి ముందు ఏర్పాట్లు

1. కొత్తదానిని కనీసం రెండు వారాలు వేరే చోట ఉంచి గమనించాలి. చెవి లోపల పొలుసులు, ముక్కు అంచున గజ్జి, తుమ్ములు, పారుడు ఉంటే ముందు వైద్యం చేయించాలి. కొత్త గేదెను తెచ్చినప్పుడు మందకు దూరంగా కట్టినట్లే ఇదీ.

2. తరువాత రెండు గూళ్ళనూ పక్కపక్కన పెట్టాలి. మధ్యన రెండు ఇనుప జల్లెడలు, వాటి నడుమ రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. ఒక్క జల్లెడే ఉంటే దాని సందులోంచి కాలివేళ్ళు, ముక్కు కొరుక్కుంటాయి.

3. రెండు మూడు రోజులకు ఒకసారి కింది గడ్డి, మలమూత్రాల పళ్ళెం ఒకదానివి మరొకదానికి మార్చాలి. ఆ తరువాత గూళ్ళే మార్చాలి. ఈ వాసన నా ఇంటిదే అని రెండింటికీ అలవాటు కావాలి. కుందేలు మనిషిని చూసి గుర్తుపట్టేదానికంటె వాసనతో గుర్తుపట్టేది ఎక్కువ.

4. మేత గిన్నెలు జల్లెడ పక్కనే పెట్టాలి. రెండూ తలలు దగ్గరగా పెట్టి మేస్తున్నవంటే సగం పని అయినట్లు. జల్లెడ దగ్గరకు వచ్చి అటుపక్కదానిపై దూకుతుంటే ఇంకా కొన్నాళ్ళు ఆగాలి.

ఈ ఏర్పాటు రెండు వారాలు, అవసరమైతే నెల సాగాలి. ఇక్కడ తొందరపడినవారు తరువాత రెండింతల కాలం పోగొట్టుకుంటారు.

మొదటి పరిచయం

రెండింటిలో దేనికీ సొంతం కాని చోటు ఎంచుకోవాలి. ఇంతకు ముందు అవి తిరగని వసారా గాని, వంటింటి మూల గాని, నాలుగు వైపులా అట్టలు అడ్డం పెట్టిన ఖాళీ జాగా గాని చాలు. నేల నున్నగా ఉంటే కాళ్ళు జారి భయపడతాయి, గోనెపట్టా పరవాలి. పాత కుందేలు వాసన ఉన్న చోటైతే వెనిగరు కలిపిన నీళ్ళతో తుడిచి ఆరనివ్వాలి. దాగడానికి అట్టపెట్టెలు రెండు పెట్టి, ఒక్కొక్కదానికి రెండు వైపులా దారి కోయాలి. ఒకే దారి ఉంటే లోపలికి పోయినది చిక్కుబడిపోతుంది. నేలమీద పచ్చిమేత ఎడం ఎడంగా చల్లాలి. మేత పని ఉంటే తగవు మీదికి ధ్యాస పోదు.

వేళ ఉదయం గాని, సాయంకాలం గాని. మన ప్రాంతంలో వేసవి ఎండలలో ఈ పని అసలు పెట్టుకోకూడదు. 30 డిగ్రీలు దాటితే కుందేలుకు ఇబ్బంది, 35 దాటితే ప్రమాదం. చెమట పట్టని జంతువు, చెవుల ద్వారానే వేడి పోగొట్టుకుంటుంది. ఎండలో వెంటాడుకుంటే పోట్లాట లేకుండానే చచ్చిపోగలదు. కార్తీక మాసం నుండి మాఘం వరకు చలిరోజులు ఇందుకు అనుకూలం.

మొదటిరోజు పది నిమిషాలు చాలు. చూసే పెద్దమనిషి ఒకరు దగ్గరే కూర్చోవాలి, పక్కన చీపురు, మందపాటి గోనెసంచి సిద్ధంగా ఉంచుకోవాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. తగవు లేకుండా ఉన్నప్పుడే విడదీసి ఎవరి గూటికి వారిని పంపాలి. రోజూ ఇట్లా చేస్తూ ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. కొన్ని జతలకు వారం పడుతుంది, కొన్నిటికి రెండు మూడు నెలలు. కొన్ని జతలు ఎంత చేసినా కుదరవు. అటువంటివాటిని పక్కపక్క గూళ్ళలోనే ఉంచాలి, ఒకదానికొకటి కనిపిస్తూ ఉంటే కొంత నయం.

వెనకటికి కొందరు రెండింటినీ ఒక బుట్టలో పెట్టి బండిమీద తిప్పి తెస్తే భయంతో దగ్గరవుతాయని చెప్పేవారు. అవి దగ్గరగా ముడుచుకోవడం నిజమే గాని అది స్నేహం కాదు, ప్రాణభయం. భయంలో కదలక కూర్చున్నవి ఇంటికి వచ్చి మళ్ళీ కొట్టుకుంటాయి. భయం వల్ల మేత మానేస్తే అది వేరే ప్రమాదం. ఈ పద్ధతి మానడం మంచిది.

సైగలు ఎట్లా చదవాలి?

ఎద గుర్తులు చూసి సమయానికి గేదెను చూడి కట్టించే మన సభ్యులకు జంతువుల సైగలు చదవడం నేర్పనక్కరలేదు. కుందేలు సైగలు మాత్రం చిన్నవి, తొందరగా జరిగిపోతాయి.

మంచి గుర్తులు: ఒకదానికొకటి వీపు చూపి శుభ్రం చేసుకోవడం, పక్కపక్కన మేయడం, కాళ్ళు చాపి పడుకోవడం, ఒకటి తల నేలకు ఆనిస్తే మరొకటి నుదురు నాకడం. తల వంచినది ఓడినది అనుకోవద్దు. చాలాసార్లు పెద్దరికం ఉన్నదే తల వంచి, నన్ను నాకు అని అడుగుతుంది. అవతలిది నాకితే ఒప్పందం కుదిరినట్లే. నాకడం అలవాటు చేయడానికి రెండింటి నుదుటిపైనా వేలికొసతో కొద్దిగా అరటిపండు గుజ్జు రాయవచ్చు.

ఓర్చుకోదగినవి: కొద్దిగా తరమడం, వెంట్రుక ఒకటి రెండు ఊడటం, ఒకటి మరొకదానిపై ఎక్కడం. ఆడది కూడా మగదానిపై ఎక్కుతుంది, ఇది పెద్దరికం చూపుకోవడం. కిందిది ఊరకుంటే కొన్ని క్షణాలు ఆగి మెల్లగా దించాలి. అయితే తలవైపు ఎక్కితే వెంటనే దించాలి. కిందిది కోపం వచ్చి మర్మస్థానం కొరికితే తీరని గాయం అవుతుంది.

ప్రమాద సూచనలు: చెవులు వెనక్కి అతుక్కుపోవడం, తోక నిలబెట్టడం, ముందుకాళ్ళతో కొట్టడం, గుర్రుమనడం, రెండూ ఒకదాని వెనుక ఒకటి చక్రంలాగా తిరగడం. చక్రం తిరగడం మొదలైతే తరువాతి ఘట్టం కొరుకులాటే. ఆ క్షణంలోనే మధ్యన చీపురు పెట్టాలి.

పోట్లాట వచ్చినప్పుడు

చేతులు పెట్టవద్దు. కుందేలు పళ్ళు జీవితమంతా పెరుగుతూ ఉండే ఉలి పళ్ళు, వేలు తెగుతుంది. చీపురు గాని అట్ట గాని మధ్యకు దూర్చి, ఒకదానిపై గోనె కప్పి ఎత్తాలి. చెవులు పట్టుకొని ఎత్తడం మన పల్లెలలో మామూలు. అది మహా తప్పు. ఒక చేయి రొమ్ము కింద, ఒక చేయి వెనుక కాళ్ళ కింద పెట్టి ఒంటికి ఆనించి ఎత్తాలి. కాళ్ళు గాలిలో తన్నుకుంటే దాని నడుము ఎముక అదే విరిచేసుకుంటుంది.

గాయాలను వెంట్రుక తప్పించి చూడాలి. పైకి చిన్న గాటు కనిపించినా లోపల చీము గడ్డ కడుతుంది, కుందేలు చీము వెన్న ముద్దలా గట్టిగా ఉంటుంది. ఉప్పునీటితో కడిగి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఇక్కడ పాడి రైతులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో గేదెల పొదుగువాపుకు వాడగా మిగిలిన మందులు ఉంటాయి. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటివి కుందేలు నోటి ద్వారా లోపలికి పోతే దాని పేగులలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, పారుడు పట్టి ప్రాణం పోతుంది. అట్లాగే పిడుదులకు, గోమార్లకు కొట్టే మందులలో ఫిప్రోనిల్ ఉన్నది కుందేలుకు విషం. గేదెకు మేలు చేసిన మందు కుందేలుకూ చేస్తుందని అనుకోవద్దు.

పోట్లాట తరువాత మేత తింటున్నదా, పెంటికలు వేస్తున్నదా చూడాలి. పన్నెండు గంటలు మేత మానిందంటే ఆలస్యం చేయకూడదు. మా ఇంటి కుందేలు మూడు రోజులు మేత ముట్టకపోతే మేము పాలు పట్టాలని చూశామని పైన వ్రాశాము. అది ఎంత అజ్ఞానమో ఇప్పుడు తెలుస్తున్నది.

ఒకే గూటిలో చేర్చిన తరువాత

ఎవరూ కనిపెట్టి ఉండకపోయినా పోట్లాడవని నమ్మకం కుదరాలి. ఒక పూర్తి పగలు, ఒక పూర్తి రాత్రి మనిషి దగ్గర ఉండగా సఖ్యంగా గడిపిన తరువాతే ఒకే గూటిలో ఉంచాలి. ఆ గూడు కడిగి, లోపలి వస్తువులు అటూ ఇటూ మార్చి, ఎవరి పాత ఇల్లూ కానట్లు చేయాలి.

జతకు పది అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు జాగా ఉంటే బాగుంటుంది. కోళ్ళ బుట్టంత పెట్టెలో రెండింటిని కుక్కితే ఎంత సఖ్యత ఉన్నా నిలవదు. మేత గిన్నెలు రెండు, నీటి కుండలు రెండు, దాగే పెట్టెలు రెండు ఉండాలి. అడుగున అంతా జల్లెడ అయితే పాదాలు పుండ్లు పడతాయి, కొంత చోట చెక్క గాని గడ్డి పరుపు గాని ఉండాలి.

మేతలో ముఖ్యమైనది గడ్డి. ఎండుగడ్డి, గరిక, పచ్చగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. లూసర్ను, దశరథ గడ్డి ఎదిగే పిల్లలకు మంచివి, ఎదిగినవాటికి కొద్దిగా చాలు. గట్లమీది సుబాబుల్ ఆకు ఎక్కువ పెడితే అందులోని మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలతాయి. పశువుల దాణా పెట్టనే వద్దు. అందులో పత్తిచెక్క, యూరియా ఉండవచ్చు. కుందేలు నెమరు వేసే జంతువు కాదు, వాటిని తట్టుకోలేదు. రాత్రివేళ తన మెత్తని పెంటికలను తానే తినడం చూసి కొందరు జబ్బు అనుకుంటారు. అది దాని సహజ గుణం, ఒక విధంగా దాని నెమరు అదే.

సఖ్యత చెడే సందర్భాలు

ఏళ్ళ తరబడి కలిసి ఉన్న జత కూడా చెడవచ్చు. తరచు కనిపించే కారణాలు ఇవి.

ఒకదానినే ఆసుపత్రికి తీసుకుపోయి తెస్తే, తిరిగి వచ్చినది మందుల వాసనతో పరాయిది అవుతుంది. కనుక ఒకదానికి జబ్బు చేసినా రెండింటినీ ఒకే బుట్టలో తీసుకుపోవాలి. తోడు ఉంటే జబ్బుపడినది ధైర్యంగా కూడా ఉంటుంది.

ఆపరేషను లేని ఆడదానికి అప్పుడప్పుడు ఉత్తుత్తి చూడి వస్తుంది. వెంట్రుకలు పీక్కొని, గడ్డి నోట కరచి గూడు కడుతుంది, తోటిదానిని దగ్గరకు రానీయదు. పదహారు, పద్దెనిమిది రోజులలో తగ్గిపోతుంది. ఆ గూడు చెరపవద్దు.

నిన్నటిదాకా మంచిగా ఉన్నది అకస్మాత్తుగా కరుస్తుంటే దానికి ఎక్కడో నొప్పి ఉన్నదేమో చూడాలి. పన్ను పెరిగి బుగ్గకు గుచ్చుకోవడం, చెవిలో పురుగు ముఖ్య కారణాలు. మంచి గేదె ఉన్నట్టుండి తన్నితే ముందు పొదుగు చూస్తాము కదా, ఇదీ అంతే.

రెండు ఉన్నచోట మూడవదానిని తెస్తే పాత జత కూడా విరిగిపోవచ్చు. రెండు చాలు.

ఒకటి చచ్చిపోయినప్పుడు వెంటనే పారవేయక, కొంతసేపు రెండవదాని దగ్గర ఉంచాలి. అది వాసన చూసి, తాకి, తనంతట తాను పక్కకు జరుగుతుంది. చూడనిది రోజుల తరబడి వెదుక్కుంటూ మేత తగ్గిస్తుంది. అంటువ్యాధి అనుమానం ఉంటే మాత్రం వైద్యుని సలహా ప్రకారం చేయాలి.

సభ్యులు అడిగిన రెండు ప్రశ్నలు

సీమ పందికొక్కు అని కొందరు పిలిచే గినీ పందిని కుందేలుకు తోడుగా ఉంచవచ్చునా? ఉంచకూడదు. కుందేలు తన్నితే అది తట్టుకోలేదు. కుందేలుకు ఏమీ కాని ఒక శ్వాసకోశ క్రిమి దానికి జబ్బు తెస్తుంది. దాని మేత అవసరాలు కూడా వేరు, దానికి సి విటమిన్ మేతలోనే అందాలి.

పిల్లలప్పుడే రెండింటిని తెస్తే ఈ శ్రమ అంతా తప్పుతుంది కదా? సగం తప్పుతుంది. చిన్నపిల్లలు తేలికగా కలుస్తాయి. కాని మూడు నెలలు నిండగానే ఆడా మగా చూసి వేరు చేయాలి, ఆపరేషను అయిన ఆరు వారాలకు మళ్ళీ పైన చెప్పిన పద్ధతిలో కలపాలి. చిన్ననాటి స్నేహం మీద భరోసా పెట్టుకొని ఊరకుంటే మొదటికే మోసం.

ముగింపు

మొదటి కుందేలు చచ్చిన తరువాత మా ఇంట్లో చాలాకాలం ఎవరూ మళ్ళీ కుందేలు మాట ఎత్తలేదు. ఆ తెల్లది మాత్రం ఒంటరిగా ఉండిపోయింది. రెండేళ్ళకు మా అమ్మాయే అడిగి, పశువైద్యుని చేత చూపించి, విత్తులు తీయించిన బూడిదరంగు మగదానిని తెచ్చింది. ఈసారి మా పెత్తనం సాగనీయలేదు. ఆరు వారాల గడువు, జల్లెడ, వాసన మార్పిడి, రోజుకు పది నిమిషాలు, అన్నీ తానే చూసుకున్నది. చాలా రోజులు పట్టింది. ఒకనాటి సాయంకాలం మేము డ్యూటీ నుండి వచ్చేసరికి వసారాలో రెండూ ఒకదానికొకటి ఆనుకొని పడుకొని ఉన్నాయి. ఆ తెల్లది బూడిదదాని చెవి నాకుతున్నది, రెండేళ్ళ కిందట మరొకదాని చెవి చీల్చినది అదే. జంతువులో దోషం లేదు, కలిపిన తీరులోనే దోషం ఉన్నదని ఆనాడు మాకు పూర్తిగా అర్థమైంది.

కుందేలు సరిగా చూసుకుంటే ఎనిమిది, పది సంవత్సరాలు బ్రతుకుతుంది. ముచ్చట కోసం కొనేముందు ఆ పదేళ్ళ లెక్క వేసుకోవాలి. కొన్న తరువాత మాత్రం వాటి ప్రాణం మన పూచీ. సంఘ కార్యదర్శులు ఈ వ్యాసాన్ని పాలు పోసే వేళ సభ్యులకు, ముఖ్యంగా పాల క్యాను వెంట వచ్చే పిల్లలకు, చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము. సంత నుండి వచ్చిన కొత్త కుందేలును ఆ రాత్రికి వేరే బుట్టలో పెట్టాలన్న ఒక్క మాట వారికి గుర్తున్నా చాలు.